మోగించే యంత్రం చేసిన రాబర్ట్ మోగ్

మన కలకడ చుట్టుపక్కల పల్లెల్లో వినాయక నిమజ్జనమైనా, గంగమ్మ జాతరైనా, పెళ్ళి ఊరేగింపైనా ఇప్పుడు డీజే బండి రావాల్సిందే. బండి ఊరి పొలిమేర దాటకముందే గుండెల మీద కొట్టినట్టు ధమ్ ధమ్ అని మోత వినిపిస్తుంది. ఆ మోత కింద ఒకే గాడిలో తిరుగుతున్నట్టు లోతైన స్వరం ఒకటి ఉంటుంది. పాట ఊపందుకునే ముందు, మూత పెట్టిన బిందెలోంచి బయటికి వస్తున్నట్టు మెల్లగా తెరుచుకుంటూ పైకి లేచే శబ్దం ఇంకొకటి. పిల్లలూ పెద్దలూ ఎగిరేది సరిగ్గా అక్కడే. పాట తెలుగుదైనా, కుప్పం వైపు వినిపించే తమిళపు పాటైనా, హిందీదైనా ఈ శబ్దాల తీరు మాత్రం ఒకటే.

వీటిలో తీగ లేదు, తోలు లేదు, ఊదే గొట్టం లేదు. కరెంటులోంచి పుట్టిన శబ్దాలివి. కరెంటును ఒక సంగీతకారుడి వేళ్ళకు లొంగేలా చేసినవారిలో ముందు వరుసలో నిలిచే ఇంజనీరు రాబర్ట్ మోగ్. ప్రతి సంచికలో మనం దేశ నాయకుల, సంఘ సంస్కర్తల జీవితాలు చదువుకుంటున్నాం. ఈసారి మేము ఈ ఇంజనీరు జీవితాన్ని ఎంచుకున్నాం. అందుకు కారణం ఉంది. ఆయన మొదలుపెట్టిన పని వల్ల ఎగిరి గంతులేసిన ఊళ్ళలో మన ఊళ్ళూ ఉన్నాయి. ఆ పని వల్ల చేతిలోని పలకను మూల పెట్టాల్సి వచ్చిన ఇళ్ళలో మనలో కొందరి ఇళ్ళూ ఉన్నాయి. ఈ రెండూ మనసులో పెట్టుకుని ఆయన కథ చదవాలని మా కోరిక.

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చాలామంది ఆ పేరును మూగ్ అని చదువుతారు. ఆయన కుటుంబం పలికేది మోగ్ అని. ఆయనకు తెలుగు రాదు కానీ, తెలుగువాళ్ళకు ఈ తేడా చటుక్కున అర్థమవుతుంది. మూగకు, మోగడానికి ఉన్నంత దూరం అది.

బాల్యం

రాబర్ట్ మోగ్ 1934 మే 23న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టారు. తండ్రి జార్జ్ మోగ్ కరెంటు సరఫరా చేసే కంపెనీలో ఇంజనీరు. ఇంటి కింది గదిలో ఆయనకు సొంత పనిబల్ల, సామాన్లు ఉండేవి. కొడుకు గొప్ప పియానో విద్వాంసుడు కావాలని తల్లి షర్లీ ఆశ. అందుకని చిన్నప్పటి నుంచీ గంటల తరబడి పియానో సాధన చేయించేది. పిల్లవాడికి మాత్రం మనసంతా కింది గదిలోని వైర్ల మీద, రేడియో ట్యూబుల మీద ఉండేది. సోల్డరింగ్ పట్టుకోవడం తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. బడిలో బక్కగా, బిడియంగా ఉండే ఈ చదువరి పిల్లవాణ్ణి తోటివాళ్ళు ఏడిపించేవారు. మన హాస్టళ్ళలోనూ అలాంటి పిల్లలు ఉంటారు. వాళ్ళ చేతుల్లో ఏముందో మనం చూడం.

తల్లి కోరిక, తండ్రి పని రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆ ఇంట్లో అప్పుడు అనిపించి ఉండవచ్చు. తర్వాత చూస్తే, పియానో మెట్ల మీద వేళ్ళు నడిచిన అనుభవం, సర్క్యూటు కట్టిన అనుభవం ఒకే మనిషిలో కలవడమే ఆయన జీవితాన్ని నిలబెట్టింది.

14 ఏళ్ళ వయసులో, 1949లో, ఒక పత్రికలో వచ్చిన పటం చూసి ఆయన థెరిమిన్ అనే వాయిద్యాన్ని సొంతంగా తయారుచేశారు. రష్యా శాస్త్రజ్ఞుడు లియోన్ థెరిమిన్ 1920 ప్రాంతంలో కనిపెట్టిన వాయిద్యం అది. దాన్ని ముట్టుకోకుండానే వాయిస్తారు. పెట్టెకు ఒక నిలువు కడ్డీ, పక్కన ఒక తీగ చుట్ట ఉంటాయి. కడ్డీకి చెయ్యి దగ్గరైతే స్వరం పైకి, దూరమైతే కిందికి వెళ్తుంది. రెండో చెయ్యి ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. గాలిలో చేతులు ఆడిస్తే పాట పుట్టడం చూసేవాళ్ళకు మంత్రంలా ఉంటుంది. మోగ్ అందులోని భౌతికశాస్త్రాన్ని పట్టుకున్నారు.

చదువుతూనే సంపాదన

19 ఏళ్ళ వయసులో, 1954 జనవరిలో, థెరిమిన్ తయారీ గురించి ఆయనే ఒక రేడియో పత్రికలో వ్యాసం రాశారు. ఆ రోజుల్లోనే తండ్రితో కలిసి ఇంట్లో థెరిమిన్లు చేసి అమ్మడం మొదలుపెట్టారు. క్వీన్స్ కాలేజీలో భౌతికశాస్త్రం, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. ఆ తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరారు. 1958లో షర్లీ లీని పెళ్ళి చేసుకున్నారు. వారికి నలుగురు పిల్లలు.

పరిశోధన విద్యార్థి అంటే చేతిలో డబ్బు ఆడదని మన పి.జి. మిత్రులకు చెప్పనక్కర్లేదు. 1961లో ఆయన ట్రాన్సిస్టర్లతో పనిచేసే థెరిమిన్ రూపొందించి, దాని విడిభాగాలను పెట్టెలో సర్ది, ఎవరికి వారే బిగించుకునేలా కిట్లుగా అమ్మారు. కిట్టు ధర 50 డాలర్లకు అయిదు సెంట్లు తక్కువ. సుమారు వెయ్యి కిట్లు అమ్ముడుపోయాయి. పి.హెచ్.డి. పట్టా వచ్చింది 1965లో. అప్పటికే ఆయన ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఒక అంగడి గదిలో వర్క్‌షాపు పెట్టుకున్నారు. ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రను మలుపు తిప్పిన పని పెద్ద నగరంలోని పెద్ద ప్రయోగశాలలో జరగలేదు. మన కలకడ లాంటి చిన్న ఊళ్ళో జరిగింది.

1964 వేసవి

1963 చివరలో సంగీత ఉపాధ్యాయుల సమావేశంలో థెరిమిన్లు చూపించడానికి వెళ్ళిన మోగ్‌కు హెర్బర్ట్ డాయిష్ పరిచయమయ్యారు. హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పే అధ్యాపకుడాయన. అప్పట్లో ఎలక్ట్రానిక్ సంగీతం చేయాలంటే టేపు ముక్కలు కత్తిరించి అతికించాలి. ఒక్క నిమిషం పాటకు రోజులు పట్టేవి. చేత్తో అక్కడికక్కడ వాయించగల యంత్రం ఉంటే బాగుండునని డాయిష్ ఆశ. ఇంజనీరుకు కావలసింది అదే. ఏం చేయాలో చెప్పే మనిషి దొరికాడు.

1964 వేసవిలో డాయిష్ ట్రూమన్స్‌బర్గ్ వచ్చి కొన్ని వారాలు ఉన్నారు. ఒకరు సంగీతానికి ఏం కావాలో చెప్పేవారు, ఇంకొకరు దాన్ని సర్క్యూటుగా కట్టేవారు. మన మదనపల్లె చరిత్రలోనూ ఇలాంటి జోడీ ఒకటి ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు జనగణమన గీతానికి మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసి పెట్టారు. పాట తెలిసినవారు ఒకరు, దాన్ని పదిమందీ పాడుకునేలా కాగితం మీద పెట్టినవారు ఇంకొకరు. ఒక్కరి వల్ల కాని పని ఇద్దరు కలిస్తే అవుతుంది.

ఇంతకీ మోగ్ చేసినదేమిటి? పదో తరగతి చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా అర్థం చేసుకోగలిగేదే. శబ్దం అంటే కంపనం. సెకనుకు కంపనాలు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. అంటే కింది స నుంచి పై స కు చేరుతుంది. కరెంటుతో కంపనం పుట్టించే సర్క్యూటును ఆసిలేటర్ అంటారు. అంతకుముందు వాటి స్వరం మార్చాలంటే చేత్తో మరలు తిప్పుతూ కూర్చోవాలి. మోగ్ ఆ స్వరాన్ని వోల్టేజికి కట్టేశారు. ఒక వోల్టు పెంచితే సరిగ్గా ఒక స్థాయి పెరుగుతుంది. పియానో మెట్టు ఒకటి నొక్కితే దానికి తగ్గ వోల్టేజి వెళ్తుంది, స్వరం పలుకుతుంది. స్వరాన్నే కాదు, ధ్వని పరిమాణాన్ని, గొంతు రంగును కూడా వోల్టేజితోనే నడిపించారు. ఒక సర్క్యూటు ఇంకో సర్క్యూటును ఆడించగలిగింది. ఈ వ్యవస్థకే తర్వాత సింథసైజర్ అనే పేరు స్థిరపడింది.

రెండో చిక్కు ఇంకా సున్నితమైనది. పలక మీద కర్ర పడగానే శబ్దం ఒక్కసారిగా లేచి వెంటనే పడిపోతుంది. నాదస్వరం ఊదితే మెల్లగా లేచి, ఊపిరి ఉన్నంతసేపూ నిలబడి, ఆగుతుంది. వీణ తీగ మీటితే చటుక్కున లేచి, నెమ్మదిగా కరిగిపోతుంది. కళ్ళు మూసుకున్నా మనం వాయిద్యాన్ని గుర్తుపట్టేది చాలావరకు ఈ లేచే, పడే తీరు వల్లనే. యంత్రం పుట్టించే స్వరానికి ఆ తీరు లేదు. మొదలుపెడితే ఒకే రీతిగా గుయ్యిమంటుంది. డాయిష్ ఈ లోటు చెప్పగానే, ఇంటి గుమ్మం దగ్గర పెట్టే కాలింగ్ బెల్ బటన్ ఒకటి కొని తెప్పించి మోగ్ మొదటి ప్రయోగం చేశారు. బటన్ నొక్కితే శబ్దం లేవాలి, వదిలితే పడాలి. మరుసటి ఏడాది వ్లదీమిర్ ఉసచేవ్‌స్కీ అనే సంగీతకారుడి సలహాతో అది నాలుగు దశలుగా తయారైంది. ఎంత వేగంగా లేవాలి, ఎంత తగ్గాలి, ఎక్కడ నిలబడాలి, ఎంతసేపట్లో ఆరిపోవాలి అన్న నాలుగింటినీ నాలుగు మరలతో నిర్ణయించవచ్చు. ఈనాటి చిన్న కీబోర్డులో, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ నాలుగు దశలే ఉన్నాయి.

తలుపు చాటు శబ్దం

డాన్సు పాటలో మనల్ని ఊపేసే ఆ తెరుచుకునే శబ్దం మోగ్ ఫిల్టరు నుంచి వచ్చిన వారసత్వం. పెళ్ళింటి గదిలో తలుపులు మూసుకుని ఉన్నామనుకోండి. బయట మేళం మోగుతుంటే లోపలికి వినిపించేది బరువైన ధమ్ ధమ్ ఒక్కటే. తాళాల చిటపటలు, సన్నాయి పదును వినిపించవు. ఎవరో తలుపు మెల్లగా తెరిస్తే ఒక్కొక్క పదునే లోపలికి వస్తుంది. ఫిల్టరు చేసే పని అదే. మర ఒకవైపు తిప్పితే తలుపు మూసుకుంటుంది, ఇంకోవైపు తిప్పితే తెరుచుకుంటుంది. మోగ్ ఈ ఫిల్టరులో ట్రాన్సిస్టర్లను నిచ్చెన మెట్లలా జతలు జతలుగా పేర్చారు. అందుకే దానికి నిచ్చెన ఫిల్టరని పేరు. 1969లో దానికి పేటెంటు వచ్చింది. అందులోంచి వచ్చే బేస్ స్వరం మందంగా, వెచ్చగా, కడుపులో తగిలేలా ఉంటుంది. మిగతా కంపెనీలు దాన్ని అనుకరించడానికి ఎన్నో తిప్పలు పడ్డాయి.

ఇక్కడ మాకు బాగా నచ్చిన పోలిక ఒకటి ఉంది. పలక కొట్టేముందు మన పెద్దలు చెత్త మంట వేసి దాన్ని కాచుతారు. వేడికి తోలు బిగిస్తేనే కంఠం వస్తుంది. ఆ తొలినాటి సింథసైజర్లూ అంతే. స్విచ్ వేశాక కాసేపు వేడెక్కితే గానీ శ్రుతి నిలిచేది కాదు, గదిలో వేడి మారితే శ్రుతి జారేది. అంత చదువుకున్న ఇంజనీరు చేసిన యంత్రానికీ, మన తాతల పలకకూ ఈ ఒక్క గుణం కలిసింది.

పేరు వచ్చింది, భయమూ వచ్చింది

1964 అక్టోబరులో ఆడియో ఇంజనీర్ల సమావేశంలో మోగ్ తన యంత్రాన్ని చూపించారు. తొలి కొనుగోలుదారుల్లో ఆల్విన్ నికోలాయ్ అనే నాట్య దర్శకుడు ఉన్నారు. అంటే ఈ వాయిద్యం పుట్టీపుట్టగానే నాట్యం దగ్గరికి చేరింది. 1968లో వెండీ కార్లోస్ అనే సంగీతకారిణి జర్మనీ మహా వాగ్గేయకారుడు బాఖ్ సంగీతాన్ని పూర్తిగా మోగ్ యంత్రం మీద వాయించి రికార్డు విడుదల చేశారు. అప్పటి యంత్రం మీద ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ఒక్కొక్క వరుస విడిగా వాయించి పేర్చుకుంటూ పోవాలి. అంత ఓపికతో చేసిన ఆ రికార్డు 10 లక్షలకు పైగా అమ్ముడుపోయింది, మూడు గ్రామీ అవార్డులు తెచ్చింది. మరుసటి ఏడాది బీటిల్స్ బృందం కూడా తమ ఆల్బమ్‌లో మోగ్ వాడింది.

1969లోనే ఆ యంత్రం మన దేశానికీ వచ్చింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు అక్కడ ప్రయోగాలు చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు భద్రంగా, ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 2023లో రికార్డుగా వెలువడ్డాయి.

ఇంకోవైపు భయం మొదలైంది. ఒక్క యంత్రం పదిమంది వాయిద్యకారుల పని చేసేస్తే మా కడుపులేం కావాలని అమెరికాలోని సంగీత కళాకారుల యూనియన్ ఆందోళన పడింది. వ్యాపార ప్రకటనల సంగీతంలో దీని వాడకాన్ని కట్టడి చేయాలని చూసింది. దీన్ని వాయించడానికీ సంగీతం తెలిసిన మనిషే కావాలని నచ్చచెప్పాక ఆ గొడవ సద్దుమణిగింది. ఆ జవాబు సగం నిజం. సింథసైజర్‌కు మనిషి కావాల్సిందే, కానీ పదిమంది కాదు. పోయిన తొమ్మిదిమంది సంగతి ఆ జవాబులో లేదు. మన ఊళ్ళలో డీజే బండి వచ్చాక పలక, డోలు, సన్నాయి వాయించేవాళ్ళకు పిలుపులు తగ్గడం చూసినవాళ్ళకు ఆ యూనియన్ భయం బాగా అర్థమవుతుంది.

కంపెనీ పోయింది, పేరు పోయింది

పేరు వచ్చినంత వేగంగా డబ్బు రాలేదు. మోగ్ మంచి ఇంజనీరు, వ్యాపారి మాత్రం కారు. పోటీ కంపెనీలు వచ్చాయి, ఆర్డర్లు తగ్గాయి, అప్పులు పెరిగాయి. ఈ కష్టకాలంలోనే ఆ కంపెనీలో ఒక మేలు జరిగింది. గది గోడంత ఉండే పాత యంత్రాన్ని చంకలో పెట్టుకుని పోయేంతగా కుదించవచ్చని బిల్ హెమ్‌సాత్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు చేసి చూపించారు. 1970లో వచ్చిన ఆ వాయిద్యమే మినీమోగ్. వైర్లు గుచ్చే పని లేదు. మెట్లు, మరలు, స్వరాన్ని జారుడుగా వంచే చక్రం అన్నీ ఒకే చోట. 1981 వరకు సుమారు 12,000 మినీమోగ్‌లు అమ్ముడుపోయాయి.

ఆ లాభం మోగ్‌కు దక్కలేదు. 1971లో కంపెనీని అమ్ముకోవాల్సి వచ్చింది. 1973లో అది నార్లిన్ అనే పెద్ద సంస్థ కిందికి పోయింది. తన పేరు పెట్టుకున్న కంపెనీలో తానే ఉద్యోగిగా మిగిలి, 1977లో ఆయన బయటికి వచ్చేశారు. వస్తూ పేరును తెచ్చుకోలేకపోయారు. మోగ్ అనే పేరుతో వాయిద్యం అమ్మే హక్కు కొన్నవాళ్ళదే అయింది. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ పట్టణం దగ్గర కొండల్లో స్థిరపడి, 1978లో బిగ్ బ్రయర్ అనే వేరే పేరుతో చిన్న సంస్థ పెట్టుకున్నారు. అక్కడ మళ్ళీ తన పద్నాలుగో ఏట మొదలుపెట్టిన పనికే వచ్చారు. థెరిమిన్లు చేశారు, కొత్త కీబోర్డుల మీద ప్రయోగాలు చేశారు, కొంతకాలం వేరే కంపెనీలో పనిచేశారు, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

డాన్సు పాటకు వెన్నెముక

ఆయన తన పేరు పోగొట్టుకున్న ఆ ఏళ్ళలోనే ఆయన శబ్దం లోకమంతా పాకింది. 1974లో జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వర్క్ బృందం మినీమోగ్ బేస్ మీద కారు ప్రయాణం లాంటి పాట చేసింది. 1977లో ఇటలీవాడైన జార్జియో మోరోడర్, పీట్ బెలోట్ కలిసి మ్యూనిక్ నగరంలో డోనా సమ్మర్ గొంతుతో ఐ ఫీల్ లవ్ అనే పాట తయారుచేశారు. అందులో బేస్, తాళపు చప్పుళ్ళు అన్నీ పెద్ద మోగ్ యంత్రం నుంచి తీసినవే. గడియారంలా తప్పకుండా పరిగెత్తే బేస్ వరుస అప్పటికి కొత్త. ఈనాటి ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతానికి తొలి మెట్టుగా చాలామంది ఆ పాటనే చెబుతారు.

ఆ పాటలో మేము మరచిపోలేని విశేషం ఒకటుంది. గుండె మీద కొట్టినట్టుండే ఆ డ్రమ్ దెబ్బ మాత్రం యంత్రం నుంచి తగినంత బలంగా రాలేదు. కీత్ ఫోర్సే అనే డ్రమ్మర్ కూర్చుని పాట పొడవునా కాలితో తొక్కి వాయించాడు. అంటే మొట్టమొదటి యంత్రపు డాన్సు పాటలోనూ అసలు దెబ్బ మనిషిదే.

ఆ దెబ్బను కూడా యంత్రంలో పెట్టింది జపాన్‌లోని రోలాండ్ కంపెనీ. 1980లో టి.ఆర్. 808, 1983లో టి.ఆర్. 909 అనే డ్రమ్ మెషీన్లు వచ్చాయి. 808 దెబ్బ లోతుగా, పొడవుగా మోగుతుంది. 909 దెబ్బ పొట్టిగా, గట్టిగా తగులుతుంది. వాటికి తోడు టి.బి. 303 అనే చిన్న బేస్ పెట్టె. అందులోనూ నిచ్చెన తరహా ఫిల్టరే ఉంది. మొదట వాటిని కొన్నవాళ్ళు తక్కువ, 303 తయారీ 1984లో ఆగిపోయింది. పాత సామాన్ల అంగళ్ళలో చౌకగా దొరికిన ఈ పెట్టెలను షికాగో, డెట్రాయిట్ నగరాల నల్లజాతి యువకులు కొనుక్కుని, వాటి మరలను కంపెనీవాళ్ళు అనుకోని విధంగా తిప్పి, హౌస్, టెక్నో అనే కొత్త సంగీతాలు పుట్టించారు. 1987లో ఫ్యూచర్ అనే షికాగో బృందం విడుదల చేసిన పాటలో 303 కీచుమంటూ మెలికలు తిరిగిన తీరు ఒక కొత్త శైలికే పేరు పెట్టింది. దానికంటే ముందే, 1982లో, మన ముంబయి సినిమా వాయిద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 808, 303ల మీద పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. దక్షిణాది సినిమా పాటల్లోకి కూడా 1980లలో సింథసైజర్, డ్రమ్ మెషీన్ వచ్చేశాయి. మన కచ్చేరీల్లో కర్రలతో కొట్టే ప్యాడ్స్ కూడా ఆ రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్ సంతతే.

తిరిగి వచ్చిన పేరు

పాత మోగ్ కంపెనీ 1980లలో మూతపడింది. కంప్యూటర్ స్వరాలు వచ్చాక పాత యంత్రాల పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. 1990లలో యువ సంగీతకారులు మళ్ళీ ఆ మందమైన బేస్ కోసం పాత మినీమోగ్‌లను వెతుక్కుంటూ వచ్చారు. 2001లో స్వీడన్ దేశం ఇచ్చే పోలార్ సంగీత బహుమతి మోగ్‌ను వరించింది. 2002లో గ్రామీ సాంకేతిక పురస్కారం లభించింది. అదే ఏడాది తన పేరును వాడుకునే హక్కు చట్టప్రకారం తిరిగి వచ్చింది. పాతికేళ్ళ తర్వాత, 68వ ఏట, ఆయన సంస్థ మోగ్ పేరుతో మినీమోగ్ వాయేజర్ అనే కొత్త వాయిద్యం విడుదల చేసింది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 2005లో మెదడులో కణితి ఉన్నట్టు తేలింది. ఆ ఏడాది ఆగస్టు 21న, 71వ ఏట, ఆష్‌విల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన కుమార్తె మిషెల్ నడిపే బాబ్ మోగ్ ఫౌండేషన్ చిన్న పిల్లలకు బడుల్లో శబ్దశాస్త్రం నేర్పుతోంది. 2019లో ఆష్‌విల్‌లో ఆయన పేరిట మ్యూజియం తెరిచారు. కంపెనీ మాత్రం 2023లో మరోసారి చేతులు మారింది. కంపెనీలు చేతులు మారుతుంటాయి. ఒక వోల్టుకు ఒక స్థాయి అన్న లెక్క, నాలుగు దశల స్వరం, నిచ్చెన ఫిల్టరు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి.

మన పలక సంగతి

మిత్రులారా, ఈ జీవితం నుంచి ఏం తీసుకోవాలని మేము చాలాసార్లు చర్చించుకున్నాం. పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చని రాసి ముగించడం సులభం. మోగ్ పట్టుదల ఉన్నా కంపెనీ పోగొట్టుకున్నారు. అయినా ఆయన పని నిలిచింది. దానికి మాకు కనిపించిన కారణం ఆయన అడిగే అలవాటు. తనకు అంతా తెలుసనుకోలేదు. డాయిష్‌ను అడిగారు, ఉసచేవ్‌స్కీని అడిగారు, వెండీ కార్లోస్ చెప్పిన లోపాలను సరిదిద్దారు. వాయించేవాడి చేతిని చూసి యంత్రాన్ని కట్టారు.

మన పలక కొట్టేవాళ్ళను ఏ ఇంజనీరూ ఇలా అడిగినట్టు మేము ఎక్కడా వినలేదు. పెళ్ళికి ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ. దూరం నుంచి విని ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పగలిగిన చెవులు మన అవ్వాతాతలవి. ఆ పలక వెనక అవమానం కూడా ఉంది. పిలిస్తే పోవాలి, ఇచ్చింది తీసుకోవాలి, దూరంగా నిలబడాలి. అందుకే మన తల్లిదండ్రుల్లో కొందరు కావాలనే పలక వదిలేసి మనల్ని బడికి పంపారు. ఆ నిర్ణయాన్ని మేము తప్పు పట్టం, దాని వల్లనే ఈ పేజీ రాయగలుగుతున్నాం. వదిలిపెట్టాల్సింది వెట్టిని. దెబ్బలోని విద్యను కాదు. ఇప్పుడు మన రాష్ట్రంలో డప్పు కళాకారులకు ప్రభుత్వ పింఛను వస్తోంది. పింఛను కడుపు చూస్తుంది, విద్యను నిలబెట్టే పని మనదే.

అందుకే మా విన్నపం ఇది. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు, పలక తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని ఒక్కొక్క దెబ్బనూ ఫోనులో రికార్డు చేయండి. దాని పేరు, ఎప్పుడు కొడతారు, కర్రలు ఎలా పట్టుకుంటారు, తోలు ఎంత కాచుతారు అన్నవి నోటు పుస్తకంలో రాయండి. చెప్పినవారి పేరు తప్పకుండా రాయండి. పేరు పోతే ఎంత కష్టమో మోగ్ జీవితంలో చూశాం. పాలిటెక్నిక్‌లో, ఐ.టి.ఐ.లో, ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ శబ్దం ఎలా లేస్తుందో, ఎలా పడుతుందో కంప్యూటరులో గీత చూసి కొలవండి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఆ రికార్డులు దాచే ఏర్పాటుకు చెయ్యి కలపండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్ళ మిత్రులు కూడా కలిస్తే మన ప్రాంతపు దెబ్బలన్నీ ఒక చోటికి వస్తాయి. వచ్చే వార్షికోత్సవానికి కనీసం పది దెబ్బలైనా, వాటిని నేర్పిన పెద్దల పేర్లతో, ఈ సంచికలోనే అచ్చు వేయాలని మా ఆశ.